వేంగి సీమలో అంచనా లెక్క: తానికాయల నుంచి పంటకోత ప్రయోగాల దాకా

తెలుగు నేలపై సంభావ్యత లెక్కకు పూర్వచరిత్ర వెతకాలంటే గణిత గ్రంథాలు మాత్రమే చాలవు. కథాసాహిత్యాన్ని, ఇంటి అరుగు మీది ఆటలను, కరణాల పంట లెక్కలను కూడా చూడవలసి ఉంటుంది. ఈ మూడూ దగ్గర దగ్గరగా దొరికే సీమ వేంగి. ఏలూరుకు ఉత్తరాన ఉన్న నేటి పెదవేగి ఒకప్పుడు శాలంకాయనుల రాజధాని, ఆ తరువాత 7వ శతాబ్దం నుంచి తూర్పు చాళుక్యుల రాజ్యానికి పేరునిచ్చిన ఊరు. దానికి ఉత్తరాన జంగారెడ్డిగూడెం మెట్ట, ఆపైన పోలవరం మన్యం, దక్షిణాన కొల్లేరు, తూర్పున తాడేపల్లిగూడెం మీదుగా గోదావరి పల్లపు భూములు. వాన కోసం ఎదురుచూసే మెట్ట రైతుకు, వరద ఎప్పుడు ముంచుతుందోనని చూసే కొల్లేటి రైతుకు రాబోయే ఫలితాన్ని ముందుగా కొలవవలసిన అవసరం ఒకే తీరుగా లేకపోయినా, ఆ అవసరం మాత్రం ఇద్దరికీ ఏటేటా తప్పనిదే.

ఈ సీమ ఏలికల్లో రాజరాజ నరేంద్రుడు (1022–1061) నన్నయ చేత మహాభారతాన్ని తెలుగు చేయించడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలను పూర్తిచేసి అరణ్య పర్వంలో కొంత భాగం రాసిన నన్నయ రచనలో నలోపాఖ్యానం కూడా ఉంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజుకు, అదే విధంగా రాజ్యం పోగొట్టుకున్న నలుని కథ చెప్పడం అక్కడి సందర్భం. వ్యాసుని మూలంలో, బాహుకుడనే పేరుతో సారథిగా ఉన్న నలుడు అయోధ్య రాజు ఋతుపర్ణుని విదర్భకు తీసుకుపోతూ ఉండగా, దారిలో ఒక తాని చెట్టు ఎదురవుతుంది. ఋతుపర్ణుడు దాని రెండు కొమ్మలను చూసి అయిదు కోట్ల ఆకులు, 2095 కాయలు ఉన్నాయని చెబుతాడు. నమ్మని నలుడు, ప్రయాణం ఆలస్యమవుతుందని రాజు వారిస్తున్నా వినక, రథం ఆపి కాయలు లెక్కపెడతాడు, లెక్క సరిపోతుంది. ఆ విద్య ఎలా వచ్చిందని అడిగితే, తనకు అక్షహృదయం, అంటే పాచికల మర్మం, తెలుసనీ, లెక్కలోనూ నేర్పరిననీ ఋతుపర్ణుడు బదులిస్తాడు. నలుడు గుర్రాల మర్మమైన తన అశ్వహృదయాన్ని ఇచ్చి ఆ విద్యను పుచ్చుకుంటాడు. తరువాత, తనను జూదంలో ఓడించిన పుష్కరునితో మళ్లీ ఆడి రాజ్యాన్ని తిరిగి గెలుస్తాడు.

సంభావ్యత చరిత్రకారుల్లో ప్రసిద్ధుడైన ఇయన్ హాకింగ్ 1975లో వెలువరించిన తన గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా చర్చించాడు. కొద్ది భాగాన్ని చూసి మొత్తాన్ని చెప్పే విద్యకూ జూదపు విద్యకూ సంబంధం ఉందన్న ఎరుక ఇంత పాతకాలంలో కనిపించడం ఆయనకు విశేషంగా తోచింది. ఆ సంబంధం కవికల్పన కాదనడానికి ఆట తీరే సాక్ష్యం. వేదకాలపు పాచికలు ఘనాకారపు దంతపు ముక్కలు కావు, తానికాయలే. పండితుల వ్యాఖ్యానం ప్రకారం, కుప్పగా పోసిన కాయల నుంచి కొన్నిటిని తీసి, నాలుగేసి చొప్పున విడదీయగా మిగిలినదాన్ని బట్టి గెలుపోటములు తేల్చేవారు. ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒకటైతే కలి. అటువంటి ఆటలో కుప్పను చూసిన మాత్రాన కాయలెన్నో చెప్పగలిగినవాడికి అదృష్టంతో పనేముంటుంది? ఋతుపర్ణుడు చెట్టును చూసి చెప్పిన లెక్కా, జూదగాడు కుప్పను చూసి కట్టిన లెక్కా ఒకే విద్యకు రెండు ముఖాలు. తానికాయ త్రిఫలాల్లో ఒకటిగా నేటికీ తెలుగువారికి పరిచితమే. 

రాజరాజ నరేంద్రుని కాలంవాడని సాహిత్య చరిత్రకారులు చెప్పే మరొకరు పావులూరి మల్లన. 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుని గణితసార సంగ్రహాన్ని ఆయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగపు అరవై నాలుగు గళ్లలో గింజలను రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే ఇరవై అంకెల సంఖ్యను ఒక్క పద్యంలో ఇమిడ్చిన ఘనత ఆయనదే. మహావీరుని సంస్కృత గ్రంథంలో సంయోగాల సూత్రం ఉంది. కొన్ని వస్తువుల్లోంచి ఇన్నేసి చొప్పున ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో చెప్పే ఈ సూత్రం ప్రకారం నాలుగింటిలోంచి రెండు ఎంచుకొనే విధాలు ఆరు. అంటే జూదపు మర్మాన్ని చెప్పే కథా, ఆ మర్మాన్ని విప్పగల గణితమూ ఇంచుమించు ఒకే ఆస్థానపు నీడలో, ఒకే తరంలో తెలుగులోకి వస్తున్నాయి. వాటిని కలిపి చూసినవారు లేరు. ఐరోపాలో ఆ పని 1654లో పాస్కల్, ఫెర్మాల మధ్య నడిచిన ఉత్తరాలతో మొదలైంది. మధ్యలో ఆగిపోయిన జూదపు పందెం సొమ్మును ఎలా పంచాలన్నది వారి ప్రశ్న. 1657లో హైగెన్స్ ఆ పద్ధతిని పుస్తకంగా విస్తరించి, ఆశించదగిన విలువ అనే భావనకు రూపమిచ్చాడు. ప్రతి ఫలితాన్ని దాని సంభావ్యతతో గుణించి, ఆ లబ్ధాలన్నిటినీ కూడితే వచ్చేదే ఆ విలువ. చాలాసార్లు ఆడితే ఒక్కో ఆటకు పడే సగటు అదే.

ఈ లెక్కను పరీక్షించడానికి తెలుగు ఇళ్లలోని అష్టాచెమ్మా కంటే అనువైన ఆట మరొకటి లేదు. అయిదు గళ్లు అడ్డంగా, అయిదు నిలువుగా గీసి, కొన్ని గళ్లలో ఇంటు గుర్తులు వేసి, నాలుగు గవ్వలతోనో, ఒకవైపు తెల్లగా కనిపించేటట్లు అరగదీసిన నాలుగు చింతపిక్కలతోనో ఆడతారు. ఎన్ని వెల్లకిలా పడితే కాయ అన్ని గళ్లు నడుస్తుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఒక్కో గవ్వ రెండు విధాలుగా పడగలదు కనుక నాలుగు గవ్వలకు మొత్తం పదహారు విధాలు. రెండు వైపులకూ సమాన అవకాశం ఉంటే ఈ పదహారూ సమానమే, అందువల్ల ఒక్కొక్కదాని వాటా పదహారో వంతు, అంటే పాత తెలుగు లెక్కల్లో ఒక వీసం. చెమ్మాకు ఒక వీసం, అష్టాకు ఒక వీసం, ఒకటికి నాలుగు వీసాలు, రెండుకు ఆరు, మూడుకు నాలుగు. సంఖ్యలను వాటి వీసాలతో గుణించి కూడితే నలభై వీసాలు వస్తాయి. నలభైని పదహారుతో భాగిస్తే రెండున్నర. గింజ విసరకుండానే ఆట స్వరూపం నుంచి తేల్చిన ఇటువంటి సంభావ్యతను సైద్ధాంతిక సంభావ్యత అంటారు.

అయితే గవ్వ వీపు ఉబ్బెత్తుగా, నోరు చదునుగా ఉంటుంది. అరగదీసిన చింతపిక్క సంగతీ అంతే. రెండు వైపులకూ సమాన అవకాశం ఉందనడానికి ఆధారం లేదు, విసిరి చూడవలసిందే. ఒక గింజను 200 సార్లు విసరగా 84 సార్లు తెల్ల వైపు పైకి వచ్చిందనుకుంటే, 84ను 200తో భాగించగా వచ్చే 0.42 ఆ గింజకు ప్రాయోగిక సంభావ్యత. నిజంగా సమానావకాశపు గింజే అయినా 200 విసుర్లలో సరిగ్గా వంద రావాలని లేదు, వందకు అటూ ఇటూ ఏడు దాకా తేడా మామూలే. ఇక్కడి తేడా పదహారు, అంటే మామూలు తేడాకు రెట్టింపు పైమాట. గింజ బోర్లా వైపు మొగ్గుతోందని అనుమానించడానికి అది చాలు, నిశ్చయించడానికి మరికొన్ని వందల విసుర్లు కావాలి. ప్రయోగాల సంఖ్య పెరిగేకొద్దీ ప్రాయోగిక సంభావ్యత అసలు విలువకు చేరువవుతుందన్న నియమాన్ని జేకబ్ బెర్నూలీ నిరూపించగా, ఆయన మరణానంతరం 1713లో అది అచ్చయింది.

0.42నే నిజమైన విలువగా తీసుకుంటే ఆట ముఖం మారిపోతుంది. చెమ్మా పడే అవకాశం నూటికి మూడు, అష్టా పడే అవకాశం నూటికి పదకొండు. పెద్ద పందెమైన ఎనిమిది, చిన్నదైన నాలుగు కంటే మూడు రెట్లు మించి తరచుగా పడుతుంది. విసురుకు సగటు 2.5 నుంచి సుమారు 2.59కి పెరుగుతుంది. ఇక్కడ ఆటగాళ్లు గమనించని ఒక చిత్రం ఉంది. గింజ బోర్లా వైపు మొగ్గితే అష్టాలు పెరిగి సగటు పెరుగుతుంది. వెల్లకిలా వైపు మొగ్గితే మూడులు, చెమ్మాలు పెరిగి మళ్లీ సగటు పెరుగుతుంది. ఉదాహరణకు 0.6 అయితే సగటు 2.60, 0.4 అయితే 2.64. రెండు వైపులకూ సమానావకాశం ఉన్న గింజలతో ఆడినప్పుడే సగటు అన్నిటికంటే తక్కువ. అష్టాకో చెమ్మాకో మరో విసురు దొరికే ఇళ్లలో, సమానావకాశపు గింజలతోనే ఒక వంతుకు సగటు నడక 2.86 అవుతుంది, 0.42 గింజలతో అది మూడు గళ్లు దాటుతుంది. తరతరాలుగా ఆడిన ఈ ఆటలో విసుర్లను రాసిపెట్టుకొనే అలవాటు మాత్రం ఏర్పడలేదు. గెలిచిన కాయ పండిందంటారు, ఓడిన కాయ చచ్చిందంటారు, ఆట చెరిపేస్తారు. సాక్ష్యం అక్కడితో మాసిపోతుంది. సంక్రాంతి కోడిపందేలదీ ఇదే తీరు. కుక్కుట శాస్త్రం పేరిట పుంజుల రంగులకు, రోజులకు గెలుపోటములు ముడిపెట్టారు గాని, ఏ రంగు పుంజు ఎన్ని పందేల్లో ఎన్ని గెలిచిందన్న పట్టిక వేసి దాన్ని పరీక్షించినవారు కనిపించరు. సరిజోడైన రెండు పుంజుల మీద వెయ్యి రూపాయల పందెంలో గెలుపు సొమ్ము నుంచి నిర్వాహకులకు నూటికి అయిదు పోతే, పందెగాడు ఆశించదగినది పందేనికి ఇరవై అయిదు రూపాయల నష్టం. ఈ లెక్కకు శాస్త్రం పుస్తకం అక్కర్లేదు.

రాతలో నిలిచింది ఆట లెక్క కాదు, పంట లెక్క. ఐరోపాలో సంభావ్యత జూదం బల్ల నుంచి పుట్టిందంటే, ఈ సీమలో దానికి సమానమైన ఆచరణ కళ్లంలో పుట్టిందనడమే సబబు. ఉత్తర సర్కార్ల పాత శిస్తు పద్ధతులను వివరిస్తూ, బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఇచ్చిన 1812 నాటి ఫిఫ్త్ రిపోర్ట్, పంట పండబోయే వేళ గ్రామస్థుల సమక్షంలో అనుభవజ్ఞులు చేను చూసి దిగుబడి చెప్పేవారనీ, గ్రామ లెక్కల్లో ఉన్న వెనకటి ఏళ్ల దిగుబడులను వారు ఆధారంగా తీసుకొనేవారనీ తెలిపింది. కంటి అంచనాకు గత సంవత్సరాల సగటును తోడు చేసుకోవడం, ఇవాళ్టి భాషలో చెప్పాలంటే, ప్రాయోగిక సంభావ్యతను ఆశ్రయించడమే. కరణం లెక్క అన్యాయాలకు ఆలవాలమన్న మాటా చరిత్రలో ఉన్నదే. అయినా ఏటేటా రాసిన ఆ లెక్క లేకపోతే సగటుకు పునాదే ఉండదు.

గోదావరి సీమలో అమలైన వీసబడి పద్ధతి మరింత ఆసక్తికరం. ఊరి మీద మొత్తం శిస్తును ఒకేసారి నిర్ణయించి, దాన్ని వీసాల చొప్పున రైతులే తమలో తాము పంచుకొనేవారు. తన వాటా ఎక్కువైందనీ, పొరుగువాడి భూమికి తక్కువ పడిందనీ భావించిన రైతు, పొరుగు భూమి శిస్తును పెంచమని సవాలు చేయవచ్చు. పెంచిన శిస్తుకు పొరుగువాడు ఒప్పుకోకపోతే ఆ భూమిని సవాలు చేసినవాడు అదే శిస్తుకు తీసుకోవలసి వచ్చేది. ఇందులో ఎవరూ చేను కొలవనక్కర్లేదు. భూమి నుంచి ఆశించదగిన ఫలాన్ని ఎక్కువగా చెప్పినవాడు ఆ మాటకు తానే పూచీపడాలి కనుక, ఊరికే పెంచి చెప్పడానికీ తగ్గించి చెప్పడానికీ సందు తక్కువ. గణిత సూత్రం లేకుండా నిజమైన అంచనాను రాబట్టిన ఇంత చక్కని ఏర్పాటు, బలవంతుడు సవాలు చేస్తే బలహీనుడు భూమి వదులుకోవలసిన ప్రమాదాన్ని మాత్రం తప్పించలేకపోయింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో మద్రాసు ప్రభుత్వం జరిపిన రైత్వారీ సెటిల్మెంట్లలో లెక్క మరోవిధంగా మారింది. నేలలను తరగతులుగా విడదీసి, కొన్ని చేలల్లో పంట కోసి తూచి, తరగతికి సగటు దిగుబడి కట్టి, అందులోంచి కాలవైపరీత్యాల కోసం కొంత వంతు తగ్గించేవారు. ఆ తగ్గింపు దయ కాదు, ఆశించదగిన విలువే. అయిదేళ్లలో ఒక ఏడు పంట పూర్తిగా పోతుందనుకుంటే, మంచి ఏటి ఇరవై బస్తాలకు దీర్ఘకాలపు సగటు పదహారు బస్తాలు. అయితే ఆ అయిదో ఏడు శిస్తు కట్టవలసిన రైతుకు సగటు అన్నం పెట్టదు. ఆశించదగిన విలువ చెప్పని సంగతుల్లో ఇది మొదటిది. ఏటేటా వేసే పంట అంచనాలు కూడా చాలాకాలం కంటి చూపు మీదే నడిచాయి. నిండు పంటను పదహారణాలుగా పెట్టుకొని, ఈ ఏడు పన్నెండణాలో పదణాలో అని ఊరి అధికారులు చెప్పిన మాటే జిల్లా లెక్కగా ఎక్కేది. శిస్తు మాఫీ ఆ అణాల మీద ఆధారపడినప్పుడు చెప్పేవాడి కన్ను ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ మొగ్గును తొలగించే దారి 1920లలో బీహార్, ఒరిస్సాల్లో హబ్బాక్ అనే అధికారి జరిపిన ప్రయోగాలతో తెరుచుకుంది. యాదృచ్ఛికంగా, అంటే ఎంచేవాడి ఇష్టానికి తావులేకుండా, ఎంచిన చోట్ల చిన్న త్రిభుజాకారపు చట్రాన్ని పరిచి, అందులోని వరిని కోసి తూచి, 1927లో ఆయన ఫలితాలను ప్రకటించాడు. కలకత్తాలో సాంఖ్యకశాస్త్రవేత్త మహలనోబిస్, ఢిల్లీలో వ్యవసాయ పరిశోధన మండలి తరఫున సుఖాత్మే 1940లలో ఆ పద్ధతిని దేశవ్యాప్తం చేశారు. కోత చట్రం ఎంత ఉండాలన్న దగ్గర వారికి తగవు వచ్చింది. చట్రం మరీ చిన్నదైతే అంచున ఉన్న దుబ్బులను కోసేవాడు లోపలికే కలుపుకుంటాడనీ, అందువల్ల దిగుబడి పెరిగి కనిపిస్తుందనీ సుఖాత్మే వాదించాడు. ఎంత గొప్ప గణితమైనా కొడవలి పట్టిన చేతి దగ్గర తప్పవచ్చునని తేల్చిన ఈ వాదం, ఆ దశాబ్దపు సిద్ధాంత చర్చలన్నిటికంటే క్షేత్రసిబ్బందికి ఎక్కువగా పనికివచ్చింది.

నేడు ఏలూరు జిల్లాలో వరికి జరిగే పంటకోత ప్రయోగానికి చట్రం అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు. ఊరూ, సర్వే నంబరూ యాదృచ్ఛిక సంఖ్యలతోనే ఎంచి, చేను నైరుతి మూల నుంచి ఆ సంఖ్యలు చెప్పినన్ని అడుగులు నడిచి చట్రం వేస్తారు. ఆ ఇరవై అయిదు చదరపు మీటర్లలో 12 కిలోల ధాన్యం వస్తే హెక్టారుకు 4800 కిలోలు, ఎకరాకు 75 కిలోల బస్తాలు సుమారు ఇరవై ఆరు. ఒక్క చట్రం చెప్పే మాటకు విలువ లేదు, అటువంటివి పదులు వందలుగా చేరితేనే జిల్లా సగటు నిలబడుతుంది. కొల్లేటి చుట్టూ చేపల చెరువుల్లో వల విసిరి పడిన కొన్ని చేపల సగటు బరువును బట్టి చెరువు మొత్తానికి మేత లెక్క కట్టడమూ, 1987 నుంచి ఏటా జనవరిలో సాగే ఆసియా నీటిపక్షుల గణనలో పెద్ద గుంపులోని ఒక భాగాన్ని లెక్కపెట్టి మిగిలినదాన్ని దానితో పోల్చి గుణించడమూ ఈ కోవలోవే. కొల్లేటి అంచున ఉన్న ఆటపాకలో చెట్ల మీద కుదురుగా కూర్చున్న గూడబాతులకు ఆ పద్ధతి బాగానే నప్పుతుంది గాని, నీటి మీద దట్టంగా కదిలే బాతుల గుంపుల్లో ఎంచుకున్న భాగం మిగతా గుంపు వంటిదేనా అన్న ప్రశ్న తప్పదు.

ఒక భాగం నుంచి మొత్తాన్ని చెప్పేటప్పుడు ఎంత కచ్చితంగా చెప్పవచ్చునన్న ప్రశ్నకు సమాధానం చెప్పినవాడికి ఈ జిల్లాతో చిన్నపాటి సంబంధం ఉంది. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు బాల్యపు చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. వాటిలో నూజివీడు 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రం చదివిన ఆయన 1945లో ఒక వ్యాసంలో, ఇచ్చిన సమాచారం నుంచి కట్టే ఏ నిష్పాక్షిక అంచనా అయినా, అంటే ఒక వైపుకే మొగ్గని అంచనా అయినా, ఒక హద్దుకు మించి కచ్చితం కాలేదని చూపాడు. క్రామర్–రావు హద్దుగా అది ప్రసిద్ధమైంది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారం ఆయనకు వచ్చినప్పుడు పేర్కొన్న కృషి ఆ వ్యాసానిదే. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశాడు.

ఆ హద్దు విత్తనం దగ్గర సులభంగా కనిపిస్తుంది. మండె కట్టే ముందు, అంటే నానబెట్టిన వరి విత్తనాన్ని మొలకకు పెట్టే ముందు, రైతు గుప్పెడు గింజలను తడిగుడ్డలో మొలకెత్తించి చూడటం పాత అలవాటు. విత్తన ప్రయోగశాలలు అదే పనిని వందేసి చొప్పున నాలుగు భాగాలుగా 400 గింజలతో చేస్తాయి. వరి విత్తనానికి ఉండవలసిన కనీస మొలక శాతం 80. నిజంగా 80 శాతం మొలిచే విత్తనంలో వంద గింజలు పరీక్షిస్తే మామూలు తేడా నాలుగు శాతం, 400 పరీక్షిస్తే రెండు శాతం. మొలిచినవాటిని లెక్కపెట్టి మొత్తంతో భాగించే ఈ మామూలు పద్ధతి రావు చెప్పిన హద్దును సరిగ్గా అందుకుంటుంది కనుక, అవే 400 గింజల నుంచి ఇంతకంటే సన్నని నిష్పాక్షిక అంచనాను మరే లెక్కతోనూ రాబట్టలేము. తేడాను ఒక శాతానికి దించాలంటే 1600 గింజలు మొలకెత్తించాలి.